37 ఏళ్ళు, ఒంటరిగానే తల్లినవుదామని ఉంది. ఫారంలో ఆ గడి ఎలా నింపాలి?

వానచినుకు37
నిన్న మొదటిసారి ఫర్టిలిటీ క్లినిక్‌కి వెళ్ళాను. నాలుగు పేజీల ఫారం చేతికిచ్చారు. అందులో 'భర్త లేదా భాగస్వామి వివరాలు' అని పేజీన్నర ఉంది. నేను నోరు తెరిచేలోపే నర్సు స్కేలు పెట్టి దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, ఫారం తిరిగి ఇచ్చేసింది. అంతవరకూ బాగానే ఉంది. చివరి పేజీలో 'అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి' అని ఒక గడి ఉంది. పెన్ను అక్కడ ఆగిపోయింది. అమ్మకి 71, పైగా నా ఆలోచన ఆవిడకింకా తెలీదు. తమ్ముడు వేరే దేశంలో ఉన్నాడు. గడి ఖాళీగానే వదిలేసి ఇచ్చేశాను.

నా సంగతి చెప్తాను. ఏఎంహెచ్ అని అండాల నిల్వ చెప్పే రక్తపరీక్షలో 0.9 వచ్చింది. ఉద్యోగం నిలకడగా ఉంది, అప్పుల్లేవు. రెండేళ్ళ కిందట ఒక బంధం తెగిపోయింది, దాని తాలూకు ఏడుపు కూడా అయిపోయింది. తోడు కోసం ఎదురుచూసే ఓపిక లేదు. బిడ్డ కావాలన్న కోరిక మాత్రం పోలేదు. దాత వీర్యాన్ని గర్భాశయంలోకి పంపే ఐయూఐతో మొదలుపెట్టొచ్చు, లేదంటే ల్యాబులో పిండం తయారుచేసి గర్భాశయంలో పెట్టే ఐవీఎఫ్‌కి నేరుగా వెళ్ళొచ్చు అంది డాక్టరు. ఇంటికొచ్చాక, దత్తత ఎందుకు కాదు అని ఇంకో పురుగు బుర్రలో దూరింది. ఈ దారిలో నడిచినవాళ్ళు ఎలా తేల్చుకున్నారు? 'ముందు పెళ్ళి చేసుకో' అనేవాళ్ళు దయచేసి ఈ పోస్టు దాటి వెళ్ళిపోండి.

పాతకాపు
దాటి వెళ్దామనే అనుకున్నా, చెయ్యి ఊరుకోలేదు. 37 అంటే అంత పెద్ద వయసేం కాదు. ఇంకో ఏడాది చూడొచ్చు కదమ్మా?

మొండిఘటం
వచ్చాడండీ. ఆరో నిమిషంలోనే వచ్చాడు. పందెం నేనే గెలిచాను.

ల్యాబ్‌గది
నేను ఎంబ్రియాలజిస్టుని, అంటే ల్యాబులో పిండాలు తయారుచేసే పని నాది. 'ఇంకో ఏడాది' గురించి నా పని తరఫున రెండు ముక్కలు చెప్తాను. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది నుంచి ఇరవై లక్షల అండాలతో పుడుతుంది. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. 35 దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. అంతకంటే ముఖ్యం, మిగిలిన వాటిలో క్రోమోజోముల లెక్క తప్పినవి పెరుగుతూ పోతాయి. 40 దాటాక మా ల్యాబులో తయారయ్యే పిండాల్లో ఎక్కువ భాగం అలాంటివే. గర్భస్రావాలు పెరగడానికి పెద్ద కారణం అదే. పాతకాపు గారూ, ఏడాది అనేది మనకి క్యాలెండర్, అండానికి కాదు.

వానచినుకు37 గారికి: ఏఎంహెచ్ 0.9 చూసి బెంబేలెత్తకండి. అది మిగిలిన అండాల సంఖ్యకి ఒక అంచనా. నాణ్యత గురించి ఏమీ చెప్పదు. నాణ్యతని చెప్పేది మీ వయసే. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకి ఎన్ని అండాలు వస్తాయో ఊహించడానికి ఏఎంహెచ్ పనికొస్తుంది. మీ విషయంలో తక్కువ రావచ్చు, అంతే. స్కానులో రెండు అండాశయాల్లో కలిపి ఎన్ని చిన్న ఫాలికిల్స్, అంటే అండం పెరిగే సంచులు, కనిపించాయో అడిగారా?

వానచినుకు37
ఏడు అంది. మంచిదా చెడ్డదా అని అడిగే ధైర్యం లేకపోయింది.

ల్యాబ్‌గది
తక్కువ వైపే, కానీ తలుపు మూసుకోలేదు.

నిశాచరి
నాకు మూడేళ్ళ కొడుకు. దాత వీర్యం, ఐయూఐ, మూడో ప్రయత్నం. అప్పటికి నాకు 36. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను వెతికిన రోజుల్లో ఇలా రాసినవాళ్ళు దొరకలేదు.

నెలసరి మొదలైన రెండో రోజో మూడో రోజో స్కాను. ఆ తర్వాత అయిదు రోజులు మాత్రలు. మళ్ళీ స్కాను, మళ్ళీ స్కాను. ఫాలికిల్ 18 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా పెరిగాక హెచ్‌సీజీ ఇంజెక్షన్. దాన్ని ట్రిగ్గర్ అంటారు. సుమారు 36 గంటలకి అండం విడుదలవుతుంది కాబట్టి ఆ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి అంటే అన్ని గంటలకే. గడ్డకట్టించి దాచిన వీర్యం కరిగాక తాజాదానంత సేపు బతకదు, అందుకే టైము మీద అంత పట్టు.

నాది రాత్రి పదకొండున్నరకి పడింది. బాత్రూంలో సింకు అంచు మీద సిరంజి, దూది, ఫోన్‌లో నర్సు పంపిన వీడియో. పొట్ట మీద బొడ్డుకి రెండు వేళ్ళ పక్కన చర్మం పట్టుకున్నాను. ఎడమ చేత్తో పట్టుకున్నది వదలకుండా కుడిచేత్తో సూది మూత తీయడం కుదరదని అప్పుడు తెలిసింది. మూత పళ్ళతో లాగాను. అది ఎగిరి ఎక్కడో పడింది. సూది దిగడం అసలేం తెలీలేదు. నొప్పి లేదు. కానీ ఆ తర్వాత చల్లటి గచ్చు మీద కూర్చుని అరగంట ఆ మూత కోసం వెతికాను. దొరకలేదు. దొరికితే ఎవరికి చూపించాలో తెలీదు, అయినా వెతికాను. ఒంటరితనం అంటే నాకు గుర్తొచ్చేది ఆ మూతే. ప్రసవం కాదు, పిల్లాడి జ్వరాలు కాదు.

మిగతావన్నీ చేసేశాను. నువ్వూ చేస్తావు.

కలువరేకు
ఆ మూత నా కళ్ళలోనే ఉండిపోయింది అక్కా.

పాతకాపు
నేను నోరు మూసుకుంటున్నా.

గణితంమాస్టారు
అంకెలు చెప్పకుండా అందరూ 'మూడో ప్రయత్నం, నాలుగో ప్రయత్నం' అంటారు. ఒక్కో ఐయూఐకి నూటికి పది అవకాశం అనుకుందాం. మూడుసార్లు చేస్తే ముప్ఫై కాదు. 0.9ని మూడుసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయాలి. 27 శాతం. ఆరుసార్లు చేసినా 47. అంటే ఆరు నెలలు చేసినా బొమ్మా బొరుసే. పరీక్షలో ముప్ఫై అని రాసిన విద్యార్థులకి సున్నా.

మొండిఘటం
మాస్టారూ, బొరుసు పడ్డవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. కాస్త మెల్లగా.

గణితంమాస్టారు
క్షమించండి. మా చెల్లెలు నాలుగుసార్లు చేయించుకుంది. ఈ లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల ప్రతిసారీ తనదే తప్పనుకుంది. అందుకే చెప్తున్నా.

ల్యాబ్‌గది
లెక్క సరైనదే. ఒక సవరణ: పది అన్నది వయసుతో మారుతుంది, 40 దాటాక ఇంకా పడిపోతుంది. అందుకే అండాలు తక్కువున్నవాళ్ళకి మూడు నాలుగు ఐయూఐల తర్వాత ఐవీఎఫ్‌కి వెళ్ళమంటారు. కొందరు నేరుగానే వెళ్తారు. దాత వీర్యం ఒక్కో వయల్ (చిన్న సీసా) ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఐయూఐకి ప్రతినెలా ఒకటి పోతుంది. ఐవీఎఫ్‌లో ఒక్క వయల్‌తో వచ్చిన అండాలన్నింటినీ ఫలదీకరించొచ్చు. రెండో బిడ్డ కూడా కావాలనుకుంటే అదే దాతవి ముందే పక్కన పెట్టించండి. తర్వాత దొరకవు.

ఇష్టపడికాదు
నా హ్యాండిల్ చూశారుగా. నా భర్త పోయేనాటికి పాపకి రెండేళ్ళు. ఒంటరి తల్లిని అవ్వాలని నేను ఎంచుకోలేదు. నిజం చెప్పాలంటే ఈ పోస్టు చదివితే కొంచెం ఒళ్ళు మండింది. రాత్రి రెండింటికి బిడ్డ వాంతి చేసుకుంటుంటే ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో దుప్పటిని పట్టుకుని నిలబడటం ఎవరైనా కోరి తెచ్చుకుంటారా? దిగేముందు లోతు చూసుకోమ్మా అని మాత్రమే చెప్తున్నా.

నిశాచరి
మీ కోపం న్యాయమైనదే. కానీ మీరు లోతు తెలీకుండా పడ్డారు, తను ఒడ్డున కూర్చుని కర్రతో కొలుస్తోంది. ఇద్దరికీ నీళ్ళు ఒకటే, దుఃఖం ఒకటి కాదు. నాకు కొడుకు పుట్టినప్పుడు కోల్పోయింది ఎవరూ లేరు. మీలా ఒక మనిషి ఖాళీ పక్కన పెట్టుకుని పిల్లని పెంచడం ఇంకా కష్టం.

ఇష్టపడికాదు
ఈ మాట ఇంతవరకూ నాతో ఎవరూ అనలేదు.

పుస్తకాలపురుగు
ఈ తేడా మీద పరిశోధన కూడా ఉంది. కేంబ్రిడ్జిలో సుసాన్ గోలోంబోక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ బృందం దాత సాయంతో ఒంటరిగా తల్లులైన 51 కుటుంబాలని, అదే దాత సాయంతో ఇద్దరు తల్లిదండ్రులున్న 52 కుటుంబాలని పోల్చి 2016లో ఫలితాలు వేశారు. పిల్లలు నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు. పెంపకంలో, పిల్లల మానసిక స్థితిలో తేడా కనపడలేదు. తల్లీబిడ్డల మధ్య గొడవలు ఒంటరి తల్లుల ఇళ్ళలో కాస్త తక్కువే. పిల్లల్లో ఇబ్బందులు కనిపించిన చోట డబ్బు ఇబ్బంది, తల్లి మీద పెంపకం ఒత్తిడి లాంటివి తేలాయి. తండ్రి లేకపోవడం కాదు.

తటస్థం
నూట మూడు కుటుంబాలు చూసి అంతా బాగుందనేస్తే ఎలా? పైగా అలాంటి పరిశోధనకి ఒప్పుకునేవాళ్ళే చదువుకున్న, డబ్బున్న తల్లులు. నా ప్రశ్న వేరే. మీ కోరిక మీది, బాగానే ఉంది. తండ్రి ఎవరో తెలీకుండా పుట్టే హక్కు మీరు బిడ్డకి ఇస్తున్నారా, లేక తెలుసుకునే హక్కు తీసేస్తున్నారా? బిడ్డని ఎవరూ అడగరు.

మొండిఘటం
ఏ బిడ్డని ఎవరు అడిగి కన్నారండీ? మిమ్మల్ని అడిగారా?

తటస్థం
అడిగితే వద్దనేవాణ్ణి, అది వేరే సంగతి. ప్రశ్న అలాగే ఉంది.

సగంతెలిసినవాణ్ణి
తటస్థం గారి ప్రశ్నకి నేను జవాబు చెప్తాను. నేను దాత బిడ్డని. 26 ఏళ్ళు. అమ్మ ఒక్కతే పెంచింది. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు సరదాగా డీఎన్ఏ కిట్ కొన్నాను. ఆరు వారాల తర్వాత స్క్రీన్ మీద 'దగ్గరి బంధువు' అని నలుగురు కనిపించారు. వాళ్ళలో ఒకమ్మాయి నవ్వితే నా పై పెదవి ఎలా ఒక పక్కకి లేస్తుందో అలాగే లేచింది. అంతవరకూ 'మీ నాన్న నువ్వు పుట్టకముందే వెళ్ళిపోయాడు' అని నమ్ముతున్నాను.

నాకు కోపం వచ్చింది దాత మీద కాదు, ఒంటరి తల్లి ఉన్నందుకూ కాదు. పందొమ్మిదేళ్ళు నేనొక వెళ్ళిపోయిన మనిషిని తిట్టుకున్నాను. ఆ మనిషి అసలు లేడు. ఆ తిట్లన్నీ ఎక్కడికి పోవాలి?

కాబట్టి అక్కా, పేరు బయటపెట్టడానికి ఒప్పుకున్న దాతనే తీసుకో. స్వీడన్ 1985 నుంచే అజ్ఞాత దాతలని ఆపేసింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత వీర్యమో అండమో ఇచ్చినవాళ్ళ వివరాలు బిడ్డకి 18 నిండాక అడిగితే ఇవ్వాలి. మీ దగ్గర చట్టం అజ్ఞాతంగా ఉంచమన్నా డీఎన్ఏ కిట్లు ఆ రహస్యాన్ని నిలవనివ్వవు. దాత పరీక్ష చేయించుకోనక్కర్లేదు, వాళ్ళ పినతల్లి కూతురు చేయించుకున్నా చాలు. రహస్యంగా ఉంచగలమనుకోవడమే తప్పు. బిడ్డకి ఎవరి నోటి నుంచి తెలియాలో మాత్రమే మన చేతుల్లో ఉంది.

తటస్థం
మీరు చెప్పాక వాదించడానికేం లేదు. కానీ పేరు తెలిసినా పద్దెనిమిదేళ్ళు ఆగాలిగా?

సగంతెలిసినవాణ్ణి
ఆగాలి. ఆగుతున్నానని తెలిసి ఆగడం వేరు.

కలువరేకు
ఇంతకీ మీ అమ్మగారితో ఇప్పుడు మాటలున్నాయా?

సగంతెలిసినవాణ్ణి
ఉన్నాయి. ఆ నలుగురిలో ముగ్గురు కిందటి నెల మా ఇంటికొచ్చారు. అమ్మ ముగ్గురి మొహాలూ చూసి, నా మొహం చూసి, 'ఇదంతా ఒకే ముక్కు' అంది. అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిశాచరి
మా వాడికి రెండేళ్ళప్పటి నుంచే చెప్తున్నాను. ముందు నాకు అలవాటవ్వాలని. డైపర్ మారుస్తూ, వాడికి అర్థం కాకపోయినా, 'అమ్మకి నువ్వు కావాలనిపించింది. బిడ్డ తయారవ్వాలంటే ఒక ముక్క అమ్మ దగ్గరుంటుంది, ఇంకో ముక్క ఇంకొకరు ఇవ్వాలి. ఒకాయన ఇచ్చాడు' అని. దాతని నాన్న అనను, దాత అనే అంటాను. మొన్న స్నానం చేయిస్తుంటే వాడే అడిగాడు, 'ఆయనకి థాంక్స్ చెప్పావా?' అని. మగ్గు చేతిలోనే ఉండిపోయింది. చెప్పలేదని ఒప్పుకున్నాను.

పుస్తకాలపురుగు
గోలోంబోక్ బృందమే చెప్పిన ఇంకో విషయం, ఏడేళ్ళలోపు తెలిసిన పిల్లలకి తల్లితో సంబంధం పెద్దయ్యాక కూడా మెరుగ్గా ఉంది. బడికి వెళ్ళకముందే మొదలుపెట్టమని అందుకే అంటారు.

చిలిపిచేప
ఇంత ఖర్చు ఎందుకు? ఆఫీసులో మంచి స్నేహితుడు ఎవరైనా ఉంటే అడగొచ్చుగా. మొహం తెలుసు, గుణం తెలుసు, వయల్ ఖర్చు లేదు.

మొండిఘటం
గుణం తెలుసా? నీకు తెలిసిన గుణం మీటింగుల్లోది.

ల్యాబ్‌గది
తెలిసిన దాత అంటే తప్పేం లేదు, చాలామంది చేస్తారు, బిడ్డకి మొహం కూడా తెలుస్తుంది. కానీ ఇంట్లో సొంతంగా చేసుకోకండి. బ్యాంకు వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిల్వచేసి, ఆరు నెలల తర్వాత దాతకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు మళ్ళీ చేసి గానీ వదలకపోవడం పాత పద్ధతి. మొదటి పరీక్షలో దొరకని ఇన్ఫెక్షన్ కోసమే ఆ ఆగడం. జన్యు పరీక్షలు కూడా ఉంటాయి. ఒకే జబ్బు జన్యువుని మీరూ దాతా ఇద్దరూ మోస్తుంటే బిడ్డకి నాలుగింట ఒక అవకాశం. అందుకే దాతని ఎంచుకునే ముందు మీ క్యారియర్ పరీక్ష చేయించుకోండి. కళ్ళ రంగు తర్వాత చూసుకోవచ్చు.

కలువరేకు
చట్టం సంగతీ ఉంది. కాగితం మీద 'నాకు హక్కులొద్దు' అని రాసిచ్చినా చాలాచోట్ల కోర్టు ఆ కాగితాన్ని పక్కనపెట్టి బిడ్డ మేలు చూస్తుంది. నాకు తెలిసినామెకి బిడ్డ పుట్టాక ఆ స్నేహితుడి తల్లి వచ్చి 'నా మనవరాలు' అని కూర్చుంది. క్లినిక్ ద్వారా కాకుండా చేశారు కాబట్టి ఆయన చట్టం కళ్ళకి దాత కాదు, తండ్రే. ముందే లాయర్ని కలవండి.

చిలిపిచేప
సరే సరే, నా సలహా వెనక్కి తీసుకున్నా. నన్ను ఎవరూ అడగరని ధైర్యంగా అన్నాను.

సగంతెలిసినవాణ్ణి
క్లినిక్‌లో ఇంకోటి అడగండి: ఒక దాత నుంచి ఎన్ని కుటుంబాలకి ఇస్తారు అని. 2023లో నెదర్లాండ్స్‌లో కోర్టు ఒక దాతని ఇక ఆపమని ఆదేశించింది. అప్పటికే అయిదు వందల యాభైమందికి పైగా పిల్లలు. నాకు నలుగురే అని ఇప్పుడు గర్వపడుతున్నాను.

గణితంమాస్టారు
550 మందికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాలంటే రోజుకి ఒకటిన్నర.

వానచినుకు37
అందరివీ రెండుసార్లు చదివాను. నిశాచరి గారి సూది మూత దగ్గర ఏడ్చాను, మాస్టారి లెక్క దగ్గర మళ్ళీ ఏడ్చాను, ముక్కు దగ్గర నవ్వాను. ఐవీఎఫ్ అయితే రెండు పిండాలు పెట్టించుకుంటే ఒకేసారి కవలలు పుట్టేస్తారు, మళ్ళీ ఈ తిప్పలుండవు అని ఒక ఆశ ఉంది. పిచ్చి ఆశేనా?

కలువరేకు
నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒక్క దెబ్బకి రెండు.

నిశాచరి
చేతులు రెండే ఉన్నాయి తల్లీ.

ల్యాబ్‌గది
అందరికీ చెప్పేదే మీకు ఇంకొంచెం గట్టిగా చెప్తాను. కవలల్లో నెలలు నిండకుండా పుట్టేవాళ్ళు సగానికి పైగా. తల్లికి బీపీ, రక్తస్రావం, సిజేరియన్ అన్నీ పెరుగుతాయి. పసిపిల్లల ఐసీయూలో రెండు పెట్టెల మధ్య ఒక్కదానివే తిరుగుతూ, నువ్వే కుట్లతో ఉండటం ఊహించు. ఒక పిండం పెట్టి మిగతావి గడ్డకట్టించి దాచుకోవడమే మేలు. ఇప్పుడు చాలా వేగంగా గడ్డకట్టించే విట్రిఫికేషన్ పద్ధతిలో పిండాలు కరిగించాక చాలావరకు బతికే వస్తున్నాయి.

పెద్దమ్మ60
మా కాలంలో ఇవేవీ లేవు. లూయీ బ్రౌన్ అనే పాప 1978 జూలైలో ఇంగ్లండ్‌లో పుట్టినప్పుడు పేపర్లో ఫొటో చూసి, గాజుసీసాలో బిడ్డ అంటే సీసాలోంచే తీశారేమో అనుకున్నాం. నాకు పదమూడేళ్ళు. మా మేనకోడలు ఒక పాపని దత్తత తెచ్చుకుంది. అదీ చెప్పండర్రా ఎవరన్నా, అమ్మాయి అడిగింది కదా.

మొండిఘటం
ఇదిగో నా వంతు. నాలుగు ఐవీఎఫ్‌లు. రెండుసార్లు నిలవనేలేదు, ఒకసారి తొమ్మిదో వారంలో పోయింది, చివరిసారి పెట్టడానికి పిండమే మిగల్లేదు. 42లో ఆపేశాను. ఏడాదిన్నర ఏ పిల్లల గురించీ మాట్లాడలేదు. ఆ తర్వాత దత్తతకి దరఖాస్తు పెట్టాను. ఈ ఏడాదిన్నర చాలా ముఖ్యం. మా సోషల్ వర్కర్ మొదటి ప్రశ్నే అది: 'పుట్టని బిడ్డ కోసం ఏడవడం పూర్తయిందా?' పూర్తవకుండా వెళ్తే వచ్చిన బిడ్డ ఆ లేని బిడ్డ నీడలో బతకాలి. అందుకే 'ఐవీఎఫ్ కుదరకపోతే దత్తత ఉందిగా' అనేవాళ్ళంటే నాకు మంట. దత్తత రెండో బహుమతి కాదు.

దత్తతకి ముందు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చేసే హోమ్ స్టడీ అంటే ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో చూస్తారనుకుని మూడు రోజులు తుడిచాను. ఆవిడ గోడలకేసి చూడనేలేదు. నా చిన్నప్పుడు నన్ను ఎలా శిక్షించేవాళ్ళు, నాకు కోపం వస్తే ఏం చేస్తాను, జబ్బు పడితే ఎవరొస్తారు, నేను చనిపోతే బిడ్డ ఎవరి దగ్గరుంటుంది, ఇవీ అడిగింది. చివరిదానికి పేరు, వాళ్ళ సంతకం కావాలంది. వానచినుకూ, నీ ఖాళీ గడి నాకు అక్కడ దొరికింది.

నాకు వచ్చింది అయిదేళ్ళ పిల్ల. పసిబిడ్డలే కావాలనుకునేవాళ్ళ వరస పొడుగు, ఒంటరివాళ్ళకి అందులో వంతు ఇంకా ఆలస్యం. కాస్త పెద్దపిల్లల కోసం అడిగితే తొందరగా కబురొచ్చింది. మొదటి నెల బంగారం. రెండో నెల నుంచి పరీక్ష. రాత్రి దిండు కింద తిండి దాచేది. ఎండిపోయినవి, సగం కొరికినవి. నేను తీసేస్తే మళ్ళీ దాచేది. ఎవరో చెప్తే ఒక డబ్బా కొని దాని మీద తన పేరు రాసి మంచం పక్కన పెట్టాను, 'ఇది నీది, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది' అని. పదకొండు నెలలు రోజూ నింపాను. ఒకరోజు పొద్దున చూస్తే డబ్బాలో తిండి లేదు, క్రేయాన్లు ఉన్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి దాని చప్పుడులో ఏడ్చాను.

కలువరేకు
ఈ చర్చలో అందరూ వంటింట్లోకే వెళ్తున్నారేంటి.

ఇష్టపడికాదు
ఎందుకంటే అక్కడ తలుపు ఉంటుంది.

పాతకాపు
నోరు మూసుకుంటానన్నా గానీ, ఒక్కటి అడగనివ్వండి. వేరే దేశాల నుంచి దత్తత తెచ్చుకుంటే తొందరగా అవుతుందంటారు కదా?

పుస్తకాలపురుగు
అది పాత మాటండీ. దేశాల మధ్య దత్తతల మీద 1993 హేగ్ ఒప్పందం వచ్చాక ముందు సొంత దేశంలో ఇల్లు వెతకాలి, దొరక్కపోతేనే బయటికి అన్నది నియమమైంది. పిల్లల అమ్మకాలు ఆపడానికే అది. 2004 తర్వాత బయటి దేశాలకి దత్తత వెళ్ళే పిల్లల సంఖ్య పడిపోతూనే ఉంది. చైనా 2007లోనే ఒంటరివాళ్ళకి ఇవ్వడం ఆపేసి, తర్వాత కొందరు ఒంటరి స్త్రీలకి మళ్ళీ ఒప్పుకుని, 2024లో బయటి దేశాలకి దాదాపు మొత్తం ఆపేసింది, దగ్గరి బంధువుల పిల్లల్ని తప్ప. ఒంటరి ఆడవాళ్ళకి చికిత్సైనా దత్తతైనా దేశానికో రూలు. ఫ్రాన్సులో ఐవీఎఫ్‌కి ఒంటరి స్త్రీలని 2021లో గానీ ఒప్పుకోలేదు. కాబట్టి ముందు మీరుండే చోటి చట్టం, అక్కడి వయసు పరిమితి చూసుకోవాలి.

కలువరేకు
ఒక చిన్న హెచ్చరిక, నాకు ఎవరూ చెప్పనిది. ట్రిగ్గర్ ఇంజెక్షన్‌లో ఉండేదీ, ప్రెగ్నెన్సీ కిట్ పట్టేదీ ఒకటే హార్మోను. పదిరోజుల దాకా ఒంట్లో ఉండొచ్చు. నేను ఆరో రోజు తొందరపడి చూసుకుని రెండు గీతలొచ్చాయని గంతులేశాను. పధ్నాలుగో రోజు ఒకటే గీత. ఆ గంతు ఇప్పటికీ మోకాలికి తెలుసు.

అడ్మిన్
సిరంజి ఫొటోలు పెట్టిన రెండు పోస్టులు, మందులు అమ్ముతామన్న ఒక పోస్టు తీసేశాను. మందుల మోతాదులు ఇక్కడ అడగొద్దు, మీ డాక్టర్ని అడగండి.

తటస్థం
వానచినుకు గారూ, నా మొదటి పోస్టు గొంతు కాస్త కటువుగా వచ్చింది. ఒక్క సలహా: వీలునామా, పిల్లకి గార్డియన్ కాగితం, ఇన్సూరెన్సు, ఈ మూడూ బిడ్డ రాకముందే. మా అన్నయ్య పోయినప్పుడు అవి లేక రెండేళ్ళు తిరిగాను. నేను అడ్డం మాట్లాడేది అందుకే.

మొండిఘటం
ఇంతసేపటికి ఈయన సొంత సంగతి చెప్పాడు.

వానచినుకు37
పది రోజుల తర్వాత వస్తున్నాను.

అమ్మకి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, 'దాతకి షుగర్ ఉందేమో చూశారా, మనింట్లో ఆల్రెడీ ఉంది' అంది. ఒప్పుకున్నట్టో కాదో అర్థం కాలేదు.

రెండు ఐయూఐలు చేసి చూసి, కాకపోతే ఒక ఐవీఎఫ్, అక్కడితో ఆపేయాలని ముందే రాసి పెట్టుకున్నాను. పేరు చెప్పడానికి ఒప్పుకున్న దాతలు నలుగురున్నారు లిస్టులో, క్యారియర్ పరీక్ష రిపోర్టు వచ్చాక తేలుస్తాను. దత్తత మాట మొండిఘటం గారు చెప్పినట్టు పక్కన పెట్టలేదు, దానికి దాని చోటు ఇస్తున్నాను.

ఇక ఆ గడి. పై ఫ్లోర్‌లో ఉండే స్నేహితురాలిని అడిగాను. ఆరేళ్ళ పరిచయం, ఇద్దరం ఒకే లిఫ్టులో ఎక్కువ మాట్లాడుకున్నాం. అడగడానికి వారం పట్టింది. మెట్ల మీద నిలబడి, ఇలా ఇలా, రాత్రిపూట కూడా ఫోన్ రావచ్చు, నీ పేరు రాయొచ్చా అన్నాను. ఆమె ఏమీ అనకుండా జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. 'రాత్రి పదింటికి దానంతటదే సైలెంట్ అయిపోతుంది, ఆ సెట్టింగ్ తీసేశా' అంది.

మొండిఘటం
ఆమె పేరు గుండ్రంగా రాయి, గడి దాటిపోయినా ఫర్వాలేదు.

నిశాచరి
మంచిది. ఇంకో పేరు కూడా అడిగి పెట్టుకో. సరిగ్గా ఆ రోజే మొదటావిడ ఊళ్ళో ఉండదు. నాకలాగే అయింది, ప్రసవానికి పక్కింటి డ్రైవింగ్ స్కూల్ ఆయన తీసుకెళ్ళాడు, కారు మీద ఎల్ బోర్డుతో.

గణితంమాస్టారు
ఒక్కొక్కరు దొరక్కపోయే అవకాశం నూటికి ఇరవై అనుకుంటే, ఇద్దరూ దొరక్కపోయేది నాలుగే. మూడో పేరుకి నన్ను వేసుకోమ్మా, నాకు నిద్ర ఎలాగూ పట్టదు.